రెండు వరుసల్లో పట్టని సంగతి

కొత్తవాడ, వరంగల్
4 ఆగస్టు 2025

చెల్లె వాసంతికి అన్న సారంగపాణి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. క్షేమంగా లేము, భయంగా ఉన్నాం. భయపెట్టింది నువ్వే కాబట్టి నీకే రాస్తున్నాను.

నిన్న ఆదివారం నీ కార్యక్రమం వచ్చింది. ఎప్పటిలాగే మా షెడ్డు వాళ్లం నలుగురం మా ఇంట్లో కూర్చున్నాం. ముప్పై ఏళ్లు పవర్‌లూముల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న వాళ్లం. తెర కింద తెలుగు అక్షరాలు వేసే విజ్ఞాన కార్యక్రమం మాకు తెలిసి నీదొక్కటే. ఆ అక్షరాలు రాసేది నా చెల్లెలని నేను అందరికీ గొప్పగా చెప్పుకుంటాను కూడా.

విశ్వం ఒక జంపఖానా లాంటిదన్నావు. పడుగూ పేకా వేసి చూపించావు. దాని మీద సూర్యుణ్ణి పెడితే గుంట పడింది. మన పని టీవీలో వచ్చిందని బాలకిషన్ మురిసిపోయి నా తొడ మీద చరిచాడు. అంతలో కింద రెండు వరుసలు వచ్చాయి. ‘విశ్వం సాగుతోంది. ఒక రోజు చిరిగిపోతుంది.’ తర్వాత సబ్బు ప్రకటన, టీపొడి ప్రకటన. అవి అయిపోయాక మళ్లీ రెండు వరుసలు. ‘ఎప్పుడైనా జరగవచ్చు. హెచ్చరిక ఉండదు.’

గుడ్డ సాగడమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కొత్త నూలు పడకుండా గుడ్డను లాగుతూ పోతే ముందు నేత విచ్చుకుంటుంది. అవతలి వెలుతురు కనిపిస్తుంది. తర్వాత ఎక్కడో ఒక పోగు తెగుతుంది. దాని బరువు పక్క పోగు మీద పడుతుంది. అలా మొదలైన చినుగు ఆగదు. నువ్వు చూపించిన బొమ్మలో చుక్కలు దూరం జరిగి మధ్యలో నలుపు పెరగడం నేను కళ్లారా చూశాను. అందరూ దాన్ని ఆకాశం అనుకుంటారేమో, నాకు మాత్రం విచ్చుకున్న నేత కనిపించింది.

అందుకే అడుగుతున్నాను. దాన్ని లాగుతున్నది ఎవరు? కొసలు దేనికి కట్టి ఉన్నాయి? ఇప్పటికి ఎన్ని పోగులు పోయాయి? బాలకిషన్ ఇంటికి వెళ్లి ఏం చేశాడో తెలుసా? మగ్గం మీద సగం నేసిన పడుగును కోసి దింపేశాడు. నేతగాడు ఎన్నడూ చేయకూడని పని అది. ఎందుకురా అని చేతులతో అడిగితే, "అయినంత వరకన్న ఇచ్చేస్త పాణన్నా, మిగిలింది ఎవలు నేస్తరు?" అన్నాడు. ఆ మాట ఆయన పెదవుల మీద చదివినప్పటి నుంచి గడప దాటలేదు. వాకిట్లోకి వెళ్లి తల ఎత్తి చూడలేకపోతున్నాను.

మీ వదిన నవ్వుతోంది. "గా టీవోళ్లకు మన రేకులు కారుతున్నయని తెల్వదు గని, మొగులు చినుగుతదని ఎర్కనా?" అంటోంది. నవ్వుతోంది గానీ తినడం లేదు. హైదరాబాద్‌లో స్కాన్ తీసి, ఆమె మెడ గడ్డలోంచి ముక్క కూడా తీసి పరీక్షకు ఇచ్చి పది రోజులయింది. రిపోర్టు నీకే వస్తుందన్నారు కదా, రాగానే రాయి. ఫోన్ చేస్తే మీ వదినకే తెలుస్తుంది, నాకు తెలియదు. ఏదైనా పెద్ద సంగతైతే ఆమెకు ముందు చెప్పకు. నాకు రాయి, నేను చూసుకుంటాను.

సారంగపాణి

•

హైదరాబాద్
9 ఆగస్టు

అన్నకు నమస్కారాలు. నీ ఉత్తరం ఆఫీసులో చదివి గట్టిగా నవ్వేశాను. ఆ తర్వాత బాలకిషనన్న పడుగు సంగతి దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆయనకు వెంటనే వెళ్లి చెప్పు, ఏమీ కాదని.

నువ్వు చదివింది సగమే. గొంతుతో చెప్పేటప్పుడు ‘కొందరు శాస్త్రవేత్తల అంచనా నిజమైతే, రెండు వేల రెండు వందల కోట్ల సంవత్సరాల తర్వాత’ అని ఉంది. అదంతా కింది వరుసల్లో పట్టదు. ప్రకటనల తర్వాత వచ్చింది వేరే సంగతి. ఆ రెండూ నువ్వు కలిపి చదివావు. ఆ రెండోదాన్ని వదిలెయ్, అదేదో లెక్కల్లో ఓ మూలన ఉండే విషయం. మొత్తానికి భయపడాల్సింది ఏమీ లేదు.

వదిన రిపోర్టు వచ్చింది. చిన్న గడ్డే. కొన్ని నెలలు మందులు వాడితే సరిపోతుంది. వచ్చే నెల మొదట్లో ఒకసారి ఇక్కడికి తీసుకురా, డాక్టరు చూస్తారు. భయపడాల్సింది ఏమీ లేదు. అందాకా బలానికి మాత్రలు పంపుతున్నాను, రోజుకు ఒకటి, తిన్న తర్వాత.

ఇక్కడ వాన. మా వీధిలో నీళ్లు మోకాలి లోతు వచ్చి పోయాయి. కార్యక్రమానికి కొత్త ఎడిటరు వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు, నన్ను మేడమ్ అంటూనే నా వాక్యాలన్నీ కోస్తాడు. నువ్వు వాకిట్లో కూర్చుని కాస్త గాలి పీల్చుకో. ఆకాశం ఎక్కడికీ పోదు.

నీ చెల్లెలు
వాసంతి

•

కొత్తవాడ
16 ఆగస్టు

వాసంతీ,

నీ ఉత్తరం బాలకిషన్‌కు చూపించాను. రెండు వేల రెండు వందల కోట్లు అన్న చోట వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. చివరికి, "ఇంత పెద్ద లెక్క తెల్సినప్పుడు టీవీల ఎందుకు ఎయ్యలే?" అన్నాడు.

అందుకని బస్సెక్కి సుబేదారికి పోయాను. మన దగ్గర జంపఖానాలు కొనే శ్యాంసుందర్ సారు గుర్తున్నాడు కదా. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. నేను అడుగుతుంటే ఆయన కాగితం మీద రాసిచ్చాడు. నాలుగు పేజీలు రాశాడు. నాకోసం ఒక్క మాట కూడా తగ్గించలేదు. కొన్ని చోట్ల అర్థం కాక మళ్లీ అడిగితే మళ్లీ రాశాడు. మూడు గంటలు పట్టింది. వాళ్ల ఇంటావిడ రెండుసార్లు చాయ్ ఇచ్చింది.

ఆయన రాసింది ఇది. గుడ్డ అనేది లేదు. లాగేవాడు లేడు, కొసలూ లేవు. దూరాలు పెరుగుతున్నాయి, అంతే. జంపఖానా అనేది చూపించడానికి వాడుకునే బొమ్మ. ఆ బొమ్మను పట్టుకుని ‘ఎక్కడ చినుగుతుంది’ అని అడిగితే అది బొమ్మకు సంబంధించిన ప్రశ్న అవుతుంది, ఆకాశానికి కాదు. చిరిగిపోవడం అన్నది అనేక ఊహల్లో ఒకటి. దూరాలను పెంచేది ఏదో రోజురోజుకూ బలపడుతుంటేనే అది జరుగుతుంది. బలపడుతోందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఇక నువ్వు వదిలెయ్ అన్న రెండో సంగతి. కొందరి లెక్క ప్రకారం ఈ విశ్వం ఇప్పుడున్న స్థితి గట్టిది కాకపోవచ్చట. అది మారితే హెచ్చరిక ఉండదట. జరిగే అవకాశం మనిషి ఊహకందనంత తక్కువట. తక్కువే గానీ, లేదు అని మాత్రం ఆయన రాయలేదు. కింద ‘ఖాయంగా తెలియదు’ అని గీత గీసి మరీ రాశాడు.

నీకు వింతగా ఉంటుంది. తెలియదు అన్న మాట చదివాక నాకు భయం తగ్గింది. తగ్గి, నీ మీదికి మళ్లింది. నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఆకాశం గురించి ‘భయపడాల్సింది ఏమీ లేదు’ అని రాశావు. అది నిజం కాదని ఇప్పుడు తెలిసింది. నాలుగు వరుసల కింద మీ వదిన గురించి కూడా అదే మాట రాశావు. అచ్చం అదే. చిన్న గడ్డకు కొన్ని నెలల మందులేమిటి? పది మాత్రలకు తగ్గాలి కదా.

ఇంకో సంగతి. మీ వదిన మాట నాకు పెదవుల మీదే అందుతుంది. షెడ్డులో పనిచేసిన వాళ్లందరం అలాగే మాట్లాడుకుంటాం, మోతలో గొంతుకు పనేముంది? ఇన్నేళ్లలో ఆమె నాతో మాట్లాడినప్పుడల్లా నా ఎదురుగా నిలబడేది, కోపంతో తిట్టినా సరే ఎదురుగా నిలబడే తిట్టేది. పది రోజులుగా మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడుతోంది. బియ్యం ఏరుతూ, గోడ వైపు చూస్తూ. దవడ కదులుతున్నట్టు తెలుస్తుంది, మాట అందదు. జాకెట్లు వదులయ్యాయి. పొద్దున చూస్తే దిండు తడిసి ఉంటోంది. చెమట అంటోంది.

రిపోర్టు మొత్తం తెలుగులో రాసి పంపు. ఎంత పొడుగైనా చదువుతాను.

సారంగపాణి

•

హైదరాబాద్
21 ఆగస్టు

అన్నా,

నీ ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది. కోపంలోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

శ్యాంసుందర్ సారుకు మూడు గంటలు తీరిక ఉంది, ఎదురుగా నువ్వొక్కడివే ఉన్నావు. నాకు ఉన్నది రెండు వరుసలు. వరుసకు ముప్పై రెండు అక్షరాలు, తెర మీద మూడు సెకన్లు. అంతకంటే ఎక్కువుంటే చదవడం అయ్యేలోపు బొమ్మ మారిపోతుంది. అందుకని కోస్తాం. ముందు పోయేవి ‘ఒకవేళ’, ‘బహుశా’, ‘కొందరి లెక్కలో’. అవి తీసేసినా అసలు విషయం మిగులుతుందని పన్నెండేళ్లుగా అనుకుంటూ వచ్చాను. అన్నీ ఉంచి చేసిన ఎపిసోడ్లు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ చూడలేదు. నువ్వు కూడా చూడలేదు, నిద్రొచ్చిందని నాకే రాశావు. జంపఖానా బొమ్మ వేసినప్పుడు మాత్రం నలుగురూ చూశారు. ఆ బొమ్మ ఎక్కడిదనుకున్నావు? నీ మగ్గం పక్కన పడుకుని పెరిగిన దాన్ని, నాకు తెలిసిన గుడ్డ అదే. అసలు ఆ కింది అక్షరాలు ఉన్నదే నీ కోసం. మా ఛానల్ వాళ్లు అక్కర్లేదన్నారు. మా అన్నకు చెవులు వినపడవు అని రెండేళ్లు వాళ్ల వెంటపడి తెచ్చుకున్నాను. ఇప్పుడు అవే పట్టుకుని నన్ను అబద్ధాలకోరును చేస్తున్నావు.

రిపోర్టు అంతా ఇంగ్లీషు, అందులో సగం డాక్టర్లకే అర్థమయ్యే మాటలు. రాసినా నీకు తెలియదు, లేనిపోని బెంగ తప్ప. టీవీలో ఒక వాక్యం చదివి గడప దాటలేకపోయావు. అలాంటి నీకు నేనేం పంపను? కావలసినంత చెప్పాను. సెప్టెంబరు ఎనిమిదిన వదినను తీసుకురా. మొదటిసారి ఎక్కించేటప్పుడు ఒక రోజు అక్కడే ఉంచుకుంటారు, రెండు చీరలు ఎక్కువ పెట్టుకోమను. పాలు, గుడ్లు ఇప్పించు. నువ్వు కూడా వేళకు తిను.

వాసంతి

•

కొత్తవాడ
26 ఆగస్టు

వాసంతికి.

ఎక్కించడమేమిటి? మాత్రలు ఎక్కించరు.

మా షెడ్డులో మల్లయ్య అని ఉండేవాడు. ఆయనకు ఎక్కించారు. ఎన్నిసార్లు ఎక్కించారో, జుట్టు ఎప్పుడు రాలిందో, చివరికి ఏమైందో నాకు తెలుసు. పాడె మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఒక్క మాట చదివాక మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. నువ్వు మొత్తం రాసి ఉంటే ఆ మొత్తానికి భయపడేవాణ్ణి. ఇప్పుడు మల్లయ్యకు జరిగినవన్నీ మీ వదినకు జరుగుతున్నట్టు ఒక్కొక్కటే చూస్తున్నాను. ఆమె దువ్వెన తీస్తే పని వదిలేసి అటే చూస్తున్నాను. దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టాను నిన్న. ఆమె చూసి దువ్వెన లాక్కుని గోడ వైపు తిరిగి ఏదో అంది. ఏమందో తెలియదు.

ఆమెకు తెలియకుండా చూడాలని నేను నవ్వు మొహం పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ వయసులో నాకా వేషం రాదు. నిన్న మధ్యాహ్నం ఆమె నీతో ఫోన్లో మాట్లాడింది. పెరట్లో, నాకు వీపు పెట్టి. అరగంట మాట్లాడింది. వీపు మీద మాటలు చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. కానీ మధ్యలో ఒకసారి కొంగు కళ్లకు పోవడం మాత్రం చూశాను.

నాకు అర్థం కాదని రాశావు. అర్థం కాని చోట మళ్లీ అడుగుతాను. సుబేదారి సారును అడిగానే, అలా. నా చెవులే పోయాయి, వాసంతీ. నువ్వు నన్ను తెలివి తక్కువవాడి కింద జమకట్టకు.

నీకు చేతులెత్తి మొక్కుతున్నాను, రాయి.

అన్న

•

హైదరాబాద్
29 ఆగస్టు

అన్నా,

రాస్తున్నాను. ఇది రాయడానికి ఆఫీసుకు సెలవు పెట్టాను. ఏదీ కోయను. ఎక్కడైనా అర్థం కాకపోతే తప్పు నాదే, మళ్లీ అడుగు.

వదినకు వచ్చింది లింఫోమా. అది ఒక రకం క్యాన్సరు. ఆ మాట రాయడానికి నాకు ఇరవై ఐదు రోజులు పట్టింది. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయి, అవే అదుపు తప్పి పెరిగి గడ్డలు కడతాయి. మెడలో కనిపించింది ఒకటి. స్కాన్‌లో పొట్టలో కూడా రెండు ఉన్నాయని తేలింది. అందుకని మూడో దశ అన్నారు. మూడో దశ అంటే మిగతా క్యాన్సర్లలో ఉన్నంత భయం ఇందులో అక్కర్లేదని డాక్టరు అన్నారు. ఎందుకంటే ఇది మందుకు బాగా లొంగే రకమట. ఆ చెమటలు, బరువు తగ్గడం దీనివల్లే.

ఇరవై ఒక్క రోజులకు ఒకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలి. జుట్టు రాలుతుంది. రాలుతుందేమో కాదు, రాలుతుంది. వాంతులు, నోటిపూత రావచ్చు. జ్వరం వస్తే అదే గంటలో దవాఖానకు పోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఆ మందుల్లో ఒకటి గుండెకు పడకపోవచ్చు. అందుకని ముందు గుండె పరీక్ష చేస్తారు. అది బాగా లేకపోతే మందు మార్చాలి, మారిస్తే ఎంత పనిచేస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఇలాంటి వాళ్లు నూరుమంది ఉంటే దాదాపు అరవై మందికి పూర్తిగా నయమవుతుందట. మిగతా నలభై మందిలో కొందరికి తగ్గి మళ్లీ తిరగబెడుతుంది, వాళ్లకు వేరే మందులున్నాయి. కొందరికి అసలు తగ్గదు. వదిన ఏ లెక్కలో పడుతుందని అడిగాను. మూడుసార్లు, మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ ఆయన తెలియదనే అన్నారు.

నీకు రాసేటప్పుడు ఈ నలభై మందిని తీసేశాను. చేతికి అలవాటైపోయింది అన్నా, భయం కలిగించేదీ పొడుగ్గా ఉండేదీ ముందు పోతుంది. మల్లయ్య గురించి నాకు తెలియదు. ఆయనది ఏ క్యాన్సరో కనుక్కో. అన్నీ ఒకటి కావు.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెబితే నువ్వు నన్ను క్షమించకపోవచ్చు. వదినకు మొదటి రోజే తెలుసు. నువ్వు వద్దని రాసిన ఉత్తరం నాకు అందేలోపే రిపోర్టు వచ్చింది, వదిన ఫోన్ వచ్చింది. నా గొంతు వినగానే సంగతి పట్టేసింది. ఆరేళ్ల వయసులో అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచిన మనిషి, ఆమె దగ్గర నాకు దాగదు. అంతా విని, "మీ అన్నకు జెప్పకు బిడ్డా. ఆయినె ఇప్పటికే మొగులుకు భయపడుతాండు. నా ఫికర్ గూడ పెట్టుకుంటే ఆగడు" అంది. నీ ఎదురుగా మాట్లాడితే నువ్వు మొహంలో చదివేస్తావని భయం ఆమెకు. అందుకే గోడ వైపు తిరుగుతోంది. నువ్వు ఆమెకు తెలియకూడదని, ఆమె నీకు తెలియకూడదని, మధ్యలో నేను ఇద్దరికీ కోసి కోసి చెబుతూ వచ్చాను.

నాకు చాలా భయంగా ఉంది అన్నా. ఇది ఎవరికీ చెప్పలేదు.

వాసంతి

•

కొత్తవాడ
2 సెప్టెంబరు

చిట్టి చెల్లెకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగుసార్లు చదివాను. గుండె పరీక్ష దగ్గర ఒకటి అడగాలి, అది కింద రాస్తాను. మల్లయ్యది కాలేయమట, ఆయన కొడుకును అడిగి కనుక్కున్నాను.

చదివి లేచి వంటింట్లోకి పోయాను. మీ వదిన పొయ్యి దగ్గర ఉంది, నన్ను చూసి అలవాటుగా అటు తిరిగింది. భుజాలు పట్టుకుని ఇటు తిప్పాను. నీ ఉత్తరం చేతిలో పెట్టాను. చదవడం రాని మనిషేం కాదు, మెల్లగా చదివింది. పప్పు మాడింది. ఇద్దరం పట్టించుకోలేదు.

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నా మొహంలోకి చూసి చెప్పింది, "నీకంటే ముందుగాల్నే తెల్సు. పానం పోతదని భయం గాదు, నువ్వు ఒక్కనివి అయితవని. నీకు తలుపు కొట్టింది గూడ ఇనపడదాయె." తర్వాత గంటసేపు మాట్లాడింది. నెల రోజులుగా గోడకు చెప్పినవన్నీ నాకు చెప్పింది. నొప్పి ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో. ఆ నలభై మంది గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆ మాట ఎత్తకుండా నేను ఆమెకు ధైర్యం చెప్పబోతే ఊరుకోలేదు. ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఇద్దరికీ ఒకే దానికి భయంగా ఉంది, అంతే తేడా. రాత్రి కొంచెం అన్నం తిన్నాం.

నీ మీద నాకు కోపం లేదు. ఉండేది. నలభై మందిని చదివాక పోయింది.

బాలకిషన్ మళ్లీ పడుగు ఎక్కించాడు. సారు రాసిచ్చిన నాలుగు పేజీలు తీసుకుపోయి ఇంట్లో పెట్టుకున్నాడు, అన్నీ అర్థమయ్యాయని నేననుకోను. మీ కొత్త ఎడిటరు ఏమన్నా సరే, ఒకవేళ, బహుశా అన్న మాటలకు చోటు దొరికితే వేయి. మేము గబగబా చదువుతాం.

ఎనిమిదో తారీఖు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాం. ఇక అడగాలనుకున్నది. గుండె పరీక్ష బాగా లేకపోతే మార్చే మందు పేరేమిటి, దాంతో నూటికి ఎందరు? నువ్వు చెప్పొద్దు, డాక్టరునే అడుగుతాను. నాకు వినపడదు కాబట్టి నువ్వు పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తూ ఉండు. నోటుపుస్తకం పెద్దది తెచ్చుకో. మీ వదిన కూడా చదువుతానంటోంది. ఆయన తెలియదు అంటే, తెలియదు అనే రాయి.

మీ అన్న
సారంగపాణి